పేర్లకు అడ్డం పెట్టిన అట్ట

మానిటర్ వచ్చిన డబ్బా మూతలోంచి కోసిన అట్టముక్క అది. అరచేతికన్నా కొంచెం పెద్దది. ఒకవైపు ఏమీ లేదు, రెండోవైపు పైకి చూపే బాణం గుర్తు. దాని పని ఒక్కటే. ఆదివారం సాయంత్రాలు అమీర్‌పేటలో మేము సినిమాలు వేసుకునేటప్పుడు, తెర మీద పేర్లు వచ్చే సమయానికి ప్రొజెక్టర్ కంటికి అడ్డం పెట్టాలి. గది చీకటవుతుంది. సంగీతం ఏదన్నా ఉంటే వినిపిస్తూనే ఉంటుంది. పేర్లు అయిపోయాయని అంచనా వేసి తీసెయ్యాలి. నా అంచనాలు తప్పవని ఆ పని నాకు అప్పజెప్పారు.

సినిమాలంటే హాల్లో ఆడేవి కావు. ఐదు నిమిషాలో పది నిమిషాలో ఉండే పొట్టి సినిమాలు. తీసేవాళ్ళు నాలుగు రకాలు: శ్రీనగర్ కాలనీ సినిమా ఆఫీసుల్లో అసిస్టెంట్లుగా తిరిగేవాళ్ళు, కోర్సు మీద కోర్సు చేస్తూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఎదురుచూసేవాళ్ళు, ఆ ఉద్యోగం వచ్చాక దిగులు పట్టుకున్నవాళ్ళు, పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళు. నేను రెండో రకం. టెస్టింగ్ కోర్సు చేస్తుండేవాణ్ణి. తీసినది చూపించుకోవడానికి మాలో ఎవరికీ చోటు లేదు. హాస్టల్ గదిలో కంప్యూటర్ ముందు ముగ్గురు కూర్చుంటే నాలుగోవాడికి ముగ్గురి తలలే కనిపిస్తాయి.

మాకు దొరికిన చోటు మెయిన్ రోడ్డు వెనక సందులో ఒక కోచింగ్ సెంటర్, మూడో అంతస్తులో క్లాసుగది. ఆదివారం సాయంత్రం బ్యాచ్‌లు ఉండవు కాబట్టి ఇచ్చారు. ఏసీ వెయ్యకూడదన్నది షరతు. బోర్డు మీద పొద్దుటి క్లాసులో గీసిన డబ్బాలూ బాణాలూ ఎంత తుడిచినా పూర్తిగా పోయేవి కావు, అందుకని దాని మీద తెల్ల దుప్పటి కట్టేవాళ్ళం. కింద జిరాక్స్ షాపు వేడి, పక్క హాస్టల్ సాంబారు వాసన కిటికీలోంచి వచ్చేవి. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే తెర మీద వీధిలైటు. నలభై మంది పట్టే గదిలో ఎంతమంది ఇరుక్కునేవాళ్ళో ఇప్పుడు చెప్పినా నమ్మరు.

ఈ ఆదివారాలను మొదలుపెట్టింది ఒక అన్న. మా అందరికన్నా పెద్దవాడు కాబట్టి అన్న. గోదావరి వైపు నుంచి వచ్చి, శ్రీనగర్ కాలనీలో ఒక ఆఫీసులో అసోసియేట్ డైరెక్టర్‌గా ఏళ్ళ తరబడి పని చేస్తున్నాడు. అంటే, వేరేవాళ్ళ సినిమాలు తీసిపెడుతున్నాడు. ప్రొజెక్టర్ ఆయనే ఎక్కణ్ణుంచో తెచ్చేవాడు, మెట్లమీద తనే మోసుకొచ్చేవాడు. ఎవరి సినిమా ఎంత నాసిగా ఉన్నా చివరిదాకా చూసేవాడు. ఆయన మంచివాడు కాడని చెప్పగలిగితే ఈ కథ నాకు చాలా తేలికయ్యేది.

అట్ట సంగతి ఎలా వచ్చిందంటే, మొదట్లో ఒక ఆదివారం ఒక సినిమా చివర దర్శకుడి పేరు ఇంటిపేరుతో సహా పడింది. వినగానే కులం తెలిసిపోయే ఇంటిపేరు. వెంటనే గదిలో ఒక మూలనుంచి ఈలలు. సినిమా నడిచినంతసేపూ సెల్‌ఫోన్లు నొక్కుకున్న మూల అది. తర్వాతి సినిమా నిజంగా బాగుంది. చివర ఒక ముస్లిం పేరు పడింది. చప్పట్లు కొట్టబోయిన రెండు మూడు చేతులు మధ్యలో ఆగడం నేను చూశాను. నా పక్కవాడు వెనక్కి తిరిగి, "గా పాతబస్తీల మనిషే తీసినట్టున్నడు" అన్నాడు, అదేదో సినిమాలో లోపం అన్నట్టు.

అన్న లేచి లైటు వేశాడు.

"ఏంట్రా ఇది? ఇంటిపేర్లకి ఈలలు వేసుకోవాలంటే బయట బోలెడు సంఘాలున్నాయి, అక్కడికి పొండి. వచ్చేవారం నుంచి ఇక్కడ ఎవడి పేరూ కనపడదు."

వచ్చేవారం అట్ట వచ్చింది. దానితోపాటు కట్టుబాట్లు వచ్చాయి. పేర్లు తెర మీద పడకూడదు. తీసినవాడు జనంలోనే కూర్చోవాలి, తనదని చెప్పకూడదు, ఎవరు ఏమన్నా నోరు విప్పకూడదు. ఏడాది చివర ఒక ఆదివారం మాత్రం అన్ని సినిమాలూ పేర్లతో సహా వేస్తాం, ఆరోజు ఎవరిది ఏదో తెలుస్తుంది. దానికి పేర్ల ఆదివారం అని పేరు పెట్టుకున్నాం.

ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. ప్రోగ్రాం ఎవరు రాశారో చూడకుండా తప్పులు వెతకాలని మాకు క్లాసులో చెప్పేవాళ్ళు. ఒక మంచి సూత్రం క్లాసుగదిలోంచి జీవితంలోకి నడిచొచ్చినట్టు అనిపించింది. సూత్రాలు అలా నడిచి రావని అప్పటికి నాకు తెలియదు.

ఆ పద్ధతిలో సరదా కూడా ఉండేది. ఒకసారి పార్కులో తీసిన ప్రేమ సినిమా వేశాం. అవగానే ముందు వరసలో ఒకడు మొదలుపెట్టాడు.

"గిది తీసినోనికి లవర్ లేదు భయ్యా. గ్యారంటీ."

"ఎట్ల చెప్తవ్ బే?"

"పక్కన పిల్ల కూసుంటే ఎవడన్న పదిసార్లు చెట్టు దిక్కు చూస్తడా?"

"చెట్టే లవరేమో!"

గదంతా నవ్వింది. తీసినవాడు నా పక్కనే ఉన్నాడు. అందరికన్నా గట్టిగా వాడే నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

నా సినిమాకి కెమెరా ఇచ్చినవాణ్ణి అందరూ భాయ్ అనే పిలిచేవాళ్ళు. ఎర్రగడ్డలో వాళ్ళ అన్నదమ్ముల ఉమ్మడి స్టూడియో, పెళ్ళిళ్ళు, వలీమా విందులు, పుట్టినరోజులు. కెమెరా ఒక్కటే ఇస్తానన్నవాడు చివరికి హీరో కూడా అయ్యాడు, ఎందుకంటే వేరే ఎవరూ దొరకలేదు.

కథ మాత్రం మా కోచింగ్ సెంటర్ బిల్డింగ్ గేటు దగ్గర దొరికింది. అక్కడ సెక్యూరిటీ డ్యూటీ చేసే పెద్దమనిషిని నేను కాకా అనేవాణ్ణి. మెదక్ దిక్కువాడు, ఒకప్పుడు వ్యవసాయం, ఇప్పుడు బోరబండలో కాపురం. ఆయన నన్ను బిడ్డా అనేవాడు. ఏజెన్సీవాళ్ళు చొక్కా, టోపీతోపాటు టై కూడా ఇచ్చారు. మొదటిరోజు సూపర్‌వైజర్ ముడి వేసిపెట్టాడు. ఆ ముడి విప్పకుండా తలలోంచి తీసి మేకుకు తగిలించడం, పొద్దున మళ్ళీ తలలోంచి దించుకోవడం. మా హాస్టల్లో సగం మందిదీ అదే పద్ధతి. ముడి వచ్చినవాడు గదికి ఒకడుంటాడు, ఇంటర్వ్యూల ముందురోజు అందరివీ వాడే వేసి మేకులకు వేలాడదీస్తాడు.

ఒకరోజు కాకా భార్య ఆ టైని చొక్కాతోపాటు సబ్బు పెట్టి బాగా ఉతికింది. ముడి విప్పి మరీ ఉతికింది. పొద్దున నేను వెళ్ళేసరికి కాకా గేటు దగ్గర టైని చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మెట్లెక్కే ప్రతివాణ్ణీ అడుగుతున్నాడు.

"అన్నా, జర గీ ముడి ఏసిస్తవా?"

ఎవరూ ఆగలేదు. అందరి మెడల్లో టైలున్నాయి. ఆరోజు పైన ఏదో కంపెనీవాళ్ళు రాతపరీక్ష పెట్టారు, ఆలస్యమవుతుందని అందరికీ కంగారు. నేను ఆగి, ఎదురుగా నిలబడి ఆయన మెడలోనే వెయ్యబోయాను. రాలేదు. నా చేతులకు అలవాటైంది నా మెడ మీద వేసుకోవడమే. చివరికి ఆయన టై నా మెడలో వేసుకుని, ముడివేసి, వదులు చేసి, నా తలలోంచి తీసి ఆయన తలలోంచి దించాను. టోపీ తీసి తల వంచి నిలబడ్డాడు. చుట్టూ జనం మెట్లెక్కుతూనే ఉన్నారు.

సినిమా అంతే. ఒక గార్డు, విడిపోయిన టై, ఆగని జనం, చివర ఆగిన ఒక కుర్రాడు. ఆ కుర్రాడు టైని ముందు తన మెడలో వేసుకుంటాడు, గార్డు కళ్ళు తడుస్తాయి. మాటల్లేవు. ఉన్న ఒక్క మాటా కాకాదే, ఆయన అన్నది అన్నట్టే పెట్టాను.

కాకా తన టై, టోపీ ఇచ్చాడు. భాయ్ నటిస్తుంటే స్టూలు మీద కూర్చుని చూసి ఒకటే నవ్వు.

"నేను గట్లనే నిలబడ్తనా? గంత గూని ఉన్నదా నాకు?"

"కాకా, పొద్దుగాల్నుంచి నీళ్ళు తాగనిచ్చినరా నాకు? గింత ఎండల నిలబడితే నువ్వు సుత వంగుతవ్" అన్నాడు భాయ్.

నవ్వడం ఆపాక కాకా నన్ను పక్కకు పిలిచాడు. "బిడ్డా, సినిమాల పేర్లు ఏస్తరు గద. నా పేరు పడ్తదా?"

"పడ్తది కాకా. నా పేరు కన్న ముందు నీదే."

ఆయన ఇంటిపేరుతో, తండ్రి పేరుతో సహా నిదానంగా చెప్పాడు. భాయ్ కంప్యూటర్లో ఉన్నవన్నీ పెళ్ళి అక్షరాలే. మామూలు అక్షరాల కోసం ఎంత వెతికినా గులాబీరేకులూ మెరుపులూ తప్ప ఏమీ దొరకలేదు. కాబట్టి చివర నల్లటి తెర మీద, "ఈ కథ ఇచ్చినవారు" అని కాకా పేరు బంగారు అక్షరాల్లో మెరుస్తూ వస్తుంది. దాని కింద చిన్నగా నా పేరు, భాయ్ పేరు. భాయ్‌కి ఆ మెరుపు చాలా నచ్చింది. "షాదీల దూల్హా పేరు ఒస్తున్నట్టుంది" అన్నాడు.

సినిమా వేసిన ఆదివారం కాకా పైకి రాలేదు. గేటు వదిలితే సూపర్‌వైజర్ ఊరుకోడు. "పేర్లు ఏసే రోజు చెప్పు బిడ్డా, ఆ రోజు డ్యూటీ బదులు పెట్టుకొని ఒస్త" అన్నాడు. నాకు అదే బాగనిపించింది. ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెడదామనుకున్నాను.

నాకు లోపల భయం ఒకటుంది. ఆ రోజుల్లో తెర మీద మా తెలంగాణ మాట వినబడితే జనం అలవాటుగా నవ్వేవాళ్ళు. సినిమాల్లో ఆ మాట పనివాళ్ళకో, తాగుబోతులకో, విలన్ పక్కన కర్ర పట్టుకునేవాళ్ళకో ఇచ్చేవాళ్ళు. హీరో ఎప్పుడూ అలా మాట్లాడడు. గదిలో సగం మంది కోస్తావాళ్ళు. భాయ్ తెర మీద మొదటిసారి "అన్నా, జర గీ ముడి ఏసిస్తవా" అన్నప్పుడు నేను తెర వదిలి జనం వైపు చూశాను. ఒక్కరు కిసుక్కుమన్నారు. రెండోసారి ఎవరూ నవ్వలేదు. మూడోసారికి కుర్చీలు కూడా కిర్రుమనలేదు.

చివర అట్ట అడ్డం పెట్టాను. ప్రొజెక్టర్ వెలుతురు అట్ట లోపలివైపు పడింది. అంత దగ్గర్లో అక్షరాలు కనపడవు, రంగే కనపడుతుంది. కాకా పేరు, నా పేరు ఒక పసుపు మరకలా బాణం గుర్తు మీద కదిలి ఆరిపోయాయి. గదిలో అది చూసింది నేనొక్కణ్ణే.

లైటు వేశాక వెనక వరసలో లేడీస్ హాస్టల్ నుంచి వచ్చే ఒకమ్మాయి లేచింది. "నేను రోజూ కింద గార్డు ముందునుంచే వెళ్తానండి. ఆయన మొహం ఎలా ఉంటుందో చెప్పమంటే చెప్పలేను" అని కూర్చుంది. ఒకడు నిడివి ఎక్కువన్నాడు. ఇంకొకడు గార్డుకి ఒక ఫ్లాష్‌బ్యాక్ ఉంటే బాగుండేదన్నాడు. ఆఖర్న అన్న మాట్లాడాడు.

"ఇందులో నవ్వించే వీలున్న చోట్లు కనీసం ఐదారున్నాయి. ప్రతిచోటా వీడెవడో నవ్వించకుండా వదిలేశాడు. అది చాలా కష్టమైన పని రా."

వీడెవడో అన్నాడు. కట్టుబాటు ప్రకారం నేను నోరు విప్పలేదు. అట్టని సంచిలో పెట్టుకుంటూ తల వంచుకున్నాను. నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను అని రాస్తే అతిగా ఉంటుంది కానీ, లెక్క వేసి చూస్తే అదే నిజం.

కొన్నాళ్ళకి అన్న కట్టుబాటుని ఇంకొంచెం బాగుచేశాడు. అట్ట వల్ల ఇబ్బందులున్నాయి. ఒక్కోసారి సినిమా కూడా రెండు సెకన్లు చీకట్లో పోతుంది. పైగా ఈ సినిమాలను వేరే కాలేజీల్లో, కాలనీ క్లబ్బుల్లో కూడా వేద్దామని ఆయన ఆలోచన. అక్కడ అట్ట ఎవడు పట్టుకుంటాడు? అందుకని అందరూ పేర్లు తీసేసిన కాపీలు ఇవ్వాలి. పేర్లున్న కాపీలు ఎవరివి వాళ్ళ దగ్గరే ఉంచుకుని, పేర్ల ఆదివారం తేవాలి. అందరం ఇచ్చాం. డిస్కు మీద మార్కర్‌తో ఒక అంకె, అంతే. ఆ డిస్కులన్నీ అన్న భుజాన వేసుకునే నల్ల సంచిలో ఉండేవి. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, పేరు లేని సొత్తు మూటకట్టి ఒక మనిషి చేతిలో పెట్టాం. కానీ ఆరోజు గదిలో ఎవరికీ అలా అనిపించలేదు. ఆయనకూ అనిపించి ఉండదనే అనుకుంటాను.

తర్వాత అన్నకి డైరెక్షన్ ఛాన్స్ వచ్చింది. ఆ వార్త వచ్చినరోజు గదిలో స్వీట్లు పంచుకున్నాం. ఆయన రావడం తగ్గించాడు, మానేశాడు. ప్రొజెక్టర్ లేదు. పేర్ల ఆదివారం డిసెంబర్ నుంచి జనవరికి, అక్కణ్ణుంచి వేసవికి జరిగింది. ఈలోగా కోచింగ్ సెంటర్‌వాళ్ళు ఆదివారం సాయంత్రం కూడా ఒక బ్యాచ్ పెట్టారు. మేము గది ఖాళీ చేశాం. నాకు మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. అప్పుడప్పుడు అమీర్‌పేట వెళ్తే కాకా అడిగేవాడు, "ఎప్పుడు బిడ్డా పేర్ల రోజు?" అని. వచ్చే నెల కాకా అనేవాణ్ణి. అన్న సినిమా పూర్తయితే మళ్ళీ మొదలవుతుందని నిజంగానే అనుకున్నాను.

అన్న సినిమా విడుదలయ్యాక నేనూ భాయ్ మ్యాట్నీకి వెళ్ళాం. హాలు నిండింది. తెర మీద అన్న పేరు ఇంటిపేరుతో సహా, తెరంత వెడల్పున పడింది. ఎక్కణ్ణుంచో ఈలలు వచ్చాయి. భాయ్ కూడా రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. నాకు కళ్ళు చెమర్చాయి. అప్పటికి ఆయన మా అన్నే.

ఇంటర్వెల్‌కు కొంచెం ముందు హీరోయిన్ ఆఫీసు. గేటు దగ్గర గార్డు, పేరున్న కమెడియన్. చేతిలో టై. లోపలికి వెళ్ళేవాళ్ళందరినీ అడుగుతున్నాడు. "జర గీ ముడి..." అనేలోగానే హాలు నవ్వింది. మాట పూర్తి కానక్కర్లేదు, "జర" చాలు. హీరోయిన్ ఆగి, టైని తన మెడలో వేసుకుని, ముడివేసి వాడి తలలోంచి దించింది. వాడు మెలికలు తిరిగాడు. టై రెండో కొస గేటుకు చిక్కుకుంది. బాసు కారు వచ్చింది, గేటు తెరుచుకుంది, వాడు గేటుతోపాటు ఈడ్చుకుపోయాడు, నాలుక బయటపెట్టి, కాళ్ళు కొట్టుకుంటూ. జనం సీట్లు చరిచి నవ్వారు. నా ముందు కూర్చున్న చిన్నపిల్ల నవ్వలేక దగ్గుతుంటే వాళ్ళమ్మ వీపు నిమిరింది.

భాయ్ నా వైపు తిరగలేదు. తెర చూస్తూనే అన్నాడు. "నేను ఏడ్చిన కాడ ఆడు ఎగుర్తుండు, చూడు."

చివరిదాకా కూర్చున్నాం. కృతజ్ఞతలని ఎక్కడైనా ఒక వరస ఉంటుందేమో అని. పేర్లు పైకి పోతుంటే జనం లేచి మెట్లు దిగుతున్నారు. సగం పేర్లు కూడా కాకముందే ఆపరేటర్ బొమ్మ ఆపేశాడు. ఊడ్చేవాళ్ళు వచ్చారు.

నేను ఫోన్ చేయగానే అన్న వచ్చాడు. అది ఆయన గొప్పతనమని ఇప్పటికీ ఒప్పుకుంటాను. పంజాగుట్టలో ఫ్లైఓవర్ పని జరుగుతున్న చోట, దుమ్ము కొట్టుకున్న ఇరానీ హోటల్. ముగ్గురికీ ఆయనే చాయ్ చెప్పాడు.

"అన్నా, గా టై సీను..." అని నేను మొదలుపెట్టాను.

"నీదే. కాదని ఎవడన్నాడు?"

ఆ జవాబుకి నేను సిద్ధపడి రాలేదు.

"ప్రొడ్యూసర్‌కి నీ సినిమానే వేసి చూపించాను రా. మావాడొకడు తీశాడని కూడా చెప్పాను. ఎవడు అని వాళ్ళు అడగలేదు."

"అడగకుంటే చెప్పొద్దా?"

"చూపించిన కాపీలో పేరు లేదు. పేరు లేకుండా చూడటం మన పద్ధతేగా?"

భాయ్ గ్లాసు కింద పెట్టాడు. "పద్ధతి మాకేనా అన్నా? నీ పేరు అయితే గోడంత పడ్డది. నేను ఈల సుత కొట్టిన."

అన్న నవ్వలేదు. "కామెడీ నా ఆలోచన కాదు. నేను నీలాగే రాశాను, ఏడుపు సీనే రాశాను. ఆ భాషలో ఏడిస్తే హాల్లో ఎవడు చూస్తాడయ్యా అన్నారు. ఇంటర్వెల్ ముందు ఒక నవ్వు కావాలన్నారు. పదకొండేళ్ళు తిరిగాను రా ఆ ఆఫీసుల చుట్టూ. నేనేం చెయ్యను?"

"నువ్వే అన్నవు గదా అన్నా, నవ్వించకుండ ఇడిసిపెట్టుడు చాలా కష్టమని" అన్నాను.

ఆయన చాయ్ వైపు చూశాడు. "కష్టమే. అందుకే నావల్ల కాలేదు" అన్నాడు. గ్లాసు పక్కకు జరిపి, "రెండో సినిమాకి నువ్వు నా దగ్గర చేరు" అన్నాడు. నాకు ఉద్యోగం ఉందన్నాను. ఆ ఉద్యోగానికి నేను కృతజ్ఞుడిగా ఉన్న రోజు అదొక్కటే.

బయటికొచ్చాక భాయ్ బండి తీస్తూ, "పేరు గురించి నాకు ఫికర్ లేదు. మా అమ్మీకి ఆ సీన్ చూపించి, అమ్మీ నేను గిట్ల చేసిన, ఆడు గట్ల చేసిండు అని ఎట్ల చెప్పాలె?" అన్నాడు. నేను కాకా గురించి ఆలోచిస్తున్నాను. కనీసం ఆయనకి మా సినిమా చూపించాలి. పేర్ల ఆదివారం ఇక లేదు. ఆయన ఒక్కడికీ, ఆయన గేటు దగ్గరే, పేరుతో సహా వేసి చూపించాలి.

ఆ శనివారం మధ్యాహ్నం ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సినిమా ఎక్కించుకుని వెళ్ళాను. గేటు దగ్గర స్టూలు అక్కడే ఉంది, కాకా ఉన్నాడు. మెడలో టై లేదు. నేను రోడ్డు దాటుతుండగానే కోచింగ్ పిల్లలు ఇద్దరు బయటికొస్తూ, ఆ కమెడియన్ గొంతుతో, "కాకా, జర గీ ముడి ఏసియ్యమంటవా?" అన్నారు. ఒకడు నాలుక బయటపెట్టి గేటు పట్టుకుని ఊగాడు. కాకా వాళ్ళ వైపు చూడలేదు. చెప్పులు సర్దుకుంటున్నాడు. అది ఆరోజు మొదటిసారి కాదని ఆ సర్దుకోవడంలోనే తెలుస్తోంది.

నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "బాగున్నరా సార్?"

సార్ అన్నాడు.

"టై ఏది కాకా?"

"జేబుల ఉన్నది. సూపర్‌వైజర్ ఒస్తే ఏసుకుంట." జేబు తడుముకుని, "సినిమా చూసినం సార్. ఇంటోళ్ళందరిని నేనే తీస్కపోయిన. నా మీద తీసిండ్రు అని చెప్పి తీస్కపోయిన" అన్నాడు.

"కాకా, గది నేను తీసింది కాదు."

"టై ముచ్చట నాదే గద?"

"నీదే, గాని..."

"ముడి ఏసియ్యమన్న మాట నాదే గద? గా మాట మీకే గద నేను చెప్పిన?"

ఒకదాని తర్వాత ఒకటిగా అన్నీ చెప్పాను. అన్న, డిస్కులు, పేర్లు లేని కాపీలు, ప్రొడ్యూసర్ అడగకపోవడం. నేను ఏ విషయాన్నైనా వరసలో చెప్పగలనని పేరు. చెబుతుంటే నాకే అది సాకులా వినిపించింది. తెలివైన కుర్రాడు ఒకడు తప్పించుకోవడానికి అల్లిన సాకు. అట్ట అడ్డం పెట్టడం అంటే ఏమిటో గేటు దగ్గర నిలబడి ఎవరికీ వివరించలేం.

"ఇంటోళ్ళు నవ్విండ్రా కాకా?" అని అడిగాను.

"నవ్విండ్రు. నేను సుత నవ్విన. అందరు నవ్వవట్టె, ఏం జేస్త?"

నేను ల్యాప్‌టాప్ తెరిచి స్టూలు మీద పెట్టాను. ఎండ తెర మీద పడుతోంది. సినిమా నొక్కాను. "గిది చూడు కాకా. గిది మనది. పది నిమిషాలే."

ఆయన తెర వైపు కాదు, గేటు వైపు చూశాడు.

"వద్దు సార్. చూసిన గద."

"అది కాదు కాకా..."

"ఒక్కటి మంచిగ చేసిండ్రు సార్. నా పేరు ఎయ్యలే." ఈసారి నా మొహంలోకి చూశాడు, కోపం లేకుండా. "ఆఖరిదాక కూసున్న. ఎక్కడ పడ్తదో ఎక్కడ పడ్తదో అని గుండె దడదడ కొట్టుకున్నది. పడలే. బతికిచ్చిండ్రు."

పైన క్లాసు వదిలారు. మెట్లమీద అడుగుల చప్పుడు మొదలైంది. కాకా జేబులో టైని ఇంకొంచెం లోపలికి దోపుకుని గేటు తెరవడానికి వెళ్ళాడు. నేను మాటల్లో పడి చూడనేలేదు, సినిమా దానంతటది నడిచి చివరికొచ్చింది. తెర నల్లబడింది. బంగారు అక్షరాలు, వాటి చుట్టూ భాయ్‌కి నచ్చిన మెరుపులు, ఒక్కొక్కటిగా ఆయన ఇంటిపేరు మొదలైంది. పిల్లలు గుంపుగా దిగుతున్నారు.

నేను అరచెయ్యి అడ్డం పెట్టాను.